ఎవరి కన్నుల కొఱకు ఈ అలంకారము?

ఆషాఢము ముగియు వేళకు బంగారుపాళ్యపు మామిడి మండీలలో తోతాపురి కాయల రద్దీ క్రమముగా తగ్గును. కాయ అమ్మిన సొమ్ము చేతికందిన కుటుంబములలో, శ్రావణ ముహూర్తములకై ఎదురుచూచుచు, ఇంటికి సున్నము కొట్టింతమా, ఉన్న మిద్దెను పడగొట్టి మేడ లేపుదమా అను ఆలోచన అప్పుడే మొదలగును. చిత్తూరునుండి పలమనేరు మీదుగా బెంగళూరునకు పోవు రాజమార్గము ఊరిని ఆనుకొనియే యుండుటచేత, ఆ మహానగరపు గృహాలంకరణ రీతులును ఆ దారినే శీఘ్రముగా ఇచ్చటికి చేరుచున్నవి. వీధిలో ఒకరింట ఫాల్స్ సీలింగును, దాని అంచులలో రంగులు మార్చు ఎల్‌ఈడీ దీపములును, టీవీ వెనుక గోడకు పాలరాతిని పోలిన షీటును అమరినవో లేదో, తక్కిన ఇండ్లకును అవియే కావలసి వచ్చుచున్నవి. క్రొత్త వస్తువును కోరుట దోషమని నేననను. అయితే ఆ కోరిక మన జీవనమునుండి పుట్టినదా, పొరుగింటి గోడను చూచి పుట్టినదా అను ప్రశ్న సాధకుడైన గృహస్థునకు ఉపేక్షింపదగినది కాదు.

ఈ సీమలోని పాత యిండ్లను నిదానించి చూచినచో ఒక సత్యము గోచరించును. వీధివాకిటికి ఇరుప్రక్కల నున్న తిన్నెలు బాటసారి నడుము వాల్చుటకు ఏర్పడినవి; గోడలోని గూళ్లు సంధ్యాదీపము గాలికి ఆరిపోకుండుటకు ఏర్పడినవి. ఎన్ని మారులు సున్నము వేసినను ఆ గూటి పైయంచు నూనెమసికి మరల నల్లబడుచునే యుండును. అక్కడ వ్రేలితో తాకినచో పొరలు పొరలుగా పేరుకొనిన సున్నమును, వాని నడుమ చిక్కుకొనిన మసియు రాలివచ్చును. శుక్రవారపు పసుపుతో గడప చెక్క తన మొదటి వన్నెనే మరచియుండును. వీనిలో ఏ యొక్కటియు చూపరుల మెప్పునకై అమర్చినది కాదు. నిత్యము జరుగు అనుష్ఠానమే ఇంటికి రూపమునిచ్చినది. అందము ఆ అనుష్ఠానమును నీడవలె వెంబడించినది.

మనకు సమీపముననే, బాహుదానదీ తీరమున, కాణిపాకమున వరసిద్ధి వినాయకుడు బావినీటి నడుమ వెలసియున్నాడు. స్వామి నానాటికి పెరుగుచున్నాడని భక్తుల విశ్వాసము. పూర్వము సమర్పింపబడిన వెండి కవచము నేడు స్వామికి పట్టదని ఆలయమున చెప్పుదురు. ఈ కథనమును నేను గృహస్థునకొక ఉపదేశముగా గ్రహింతును. పెరుగుచున్నవానికి ఒకనాటి కొలతతో చేసిన అలంకారము శాశ్వతముగా సరిపోదు. ఇక పరుని కొలతతో చేసిన దానిని గూర్చి చెప్పవలసినదేమున్నది? ఆ సన్నిధియే సత్యప్రమాణములకును ప్రసిద్ధము. అచ్చట బొంకుటకు గడగడలాడు మనమే, ఇంటికి వచ్చి గోడలచేత బొంకు పలికించుచున్నాము. ప్లాస్టికును రాయి యనిపించుట, కాగితమును టేకు యనిపించుట, ఎవరును మీటని వీణను హాలులో నిలుపుట, ఒక్కనాడైనను తెరువని గ్రంథములను అద్దాల బీరువాలో వరుసగా పేర్చుట, ఇవన్నియు నోరులేని అసత్యములే గదా!

భగవద్గీత తృతీయాధ్యాయమున శ్రీకృష్ణుడు, లోపములున్నను స్వధర్మమే మేలనియు, ఎంత చక్కగా ఆచరించినను పరధర్మము భయావహమనియు బోధించెను. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, తన్ను జగద్గురువుగా నిలిపిన నక్షత్రసంఘమును 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో తానే రద్దుచేసి, అనుకరణమువలన సత్యము లభింపదని జీవితాంతము చాటెను. అయినను ఇచ్చట రెండవ ప్రమాదమొకటి పొంచియున్నది. లోకమును అనుసరింపరాదని, ‘నా అభిరుచి వేరు, నా యిల్లు ఎవ్వరి యింటివలెను ఉండదు’ అని చాటుకొనుటకై ఇంటిని తీర్చువాడును పరుల కన్నులకే దాసుడు. మొదటివాడు వారితో సమానుడు కాగోరును, రెండవవాడు వారికంటె మిన్న కాగోరును. ఇరువురి మూలమునను ఉన్నది అహంకారమే. కావున మన రుచియా, లోకపు పోకడయా అను వివాదమును దాటి, ఈ యలంకారము ఎవరి కొఱకు అని అడిగినపుడే విచారణ ఆరంభమగును.

శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రము నాకు ఈ విషయమున గొప్ప దృష్టాంతము. గుడ్డను కరక్కాయ రసమునను పాలలోను తడిపి ఆరబెట్టి, ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో దినములతరబడి ఊరవేసిన నల్లని ద్రవమున వెదురు కలమును ముంచి, దేవతామూర్తుల రేఖలను చేతితో దిద్దుదురు. ఆ పటములు దేవాలయములలో వ్రేలాడుచు, అక్షరము రానివారికి సైతము రామాయణ భారత కథలను చెప్పినవి. నేడు ఆ బొమ్మనే యంత్రముపై అచ్చొత్తి, పోకడ యని సోఫా దిండ్లకు తొడుగుచున్నారు. ఏ మూర్తికి చేతులెత్తి మ్రొక్కవలెనో ఆ మూర్తికి వీపు ఆనించి కూర్చుండుచున్నాము. పటము గోడనుండి దిండునకు దిగినది. దానితోపాటు మన చూపును దిగినది.

ఇల్లు కట్టించువారికిని, మార్పించువారికిని నా విన్నప మిది. ఫోనులో నమూనాలు వెదకుటకు ముందు ఇంటిల్లిపాదియు ఒకచోట కూర్చుండి, ఈ యింట ప్రతిదినము ఏమేమి జరుగవలెనో నిశ్చయించుకొనుడు. దీపము పెట్టు తావెక్కడ, అవ్వ కాళ్లు చాపుకొని జపము చేసికొను మూల ఎక్కడ, బిడ్డ చదువుకొను వెలుతురెక్కడ, వేళగాని వేళ వచ్చిన అతిథికి ఆకు వేయు చోటెక్కడ అని ముందుగా తేల్చుకొనుడు. ఇవి కుదిరిన పిమ్మట ఫాల్స్ సీలింగుపై మనసైనచో నిశ్చింతగా వేయించుకొనుడు. అప్పుడది మీ జీవనమునకు సేవకురాలై యుండును గాని యజమానురాలు కానేరదు.