లావుగా ఉన్నవాళ్ళంతా పసేనదులు కారు



ఈసారి ఊబకాయం గురించి మాట్లాడుకుందాం. ధమ్మం చెప్పే పుస్తకంలో ఒళ్ళు సంగతి ఎందుకండీ అని మీకు అనిపించవచ్చు. కారణం ఉంది. నా నోటి వల్ల ఒక తప్పు జరిగింది. అది ముందు చెప్పుకుంటాను.

కొన్నేళ్ళ క్రితం ఒక పౌర్ణమి నాడు మా విహారంలో పసేనది రాజు కథ చెప్పాను. కోసల రాజ్యానికి రాజైన పసేనది ఒక్కపూటకు దోణమంత, అంటే ఇంచుమించు ఒక బకెట్ నిండేంత, అన్నం తినేవాడు. ఒకరోజు అలా తిని, రొప్పుకుంటూ బుద్ధ భగవానుని దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. కథ రక్తి కట్టాలని నేను బుగ్గలు పూరించి, రాజుగారిలా ఆయాసపడి చూపించాను. అందరూ పడీపడీ నవ్వారు. నవ్వులు వినపడేసరికి నాకు ఇంకా ఉత్సాహం వచ్చి, "మన మధ్య కూడా పసేనదులు ఉన్నారు సుమా" అన్నాను. అంటూ ఒక ఉపాసిక వైపు చూశాను. పంచశీల తీసుకున్న నాటినుంచి ఒక్క పౌర్ణమి కూడా మానని మనిషి. ఆ తర్వాత ఆరు నెలలు ఆమె విహారం గడప తొక్కలేదు.

చివరికి నేనే వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె కోప్పడలేదు. "అన్నయ్యా, నేను పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం ఇంత అన్నం, రాత్రి ఒక రొట్టె తింటాను. కీళ్ళవాతానికి ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగాను. అప్పటినుంచే ఈ ఒళ్ళు. ఇంట్లో అత్తగారు అనేది చాలక అక్కడ కూడా అదే వినాలా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికి వచ్చి సంయుత్త నికాయంలో ఆ సుత్తం మళ్ళీ తీసి చదివాను. ఇన్నేళ్ళూ చెప్పిన కథే, కానీ సగమే చెప్పానని అప్పుడు తెలిసింది.

రొప్పుతూ వచ్చిన రాజును చూసి తథాగతుడు నవ్వలేదు. తిండిబోతు అనలేదు. ఉపవాసం చెయ్యమనలేదు. ఎరుకతో తింటూ, దొరికిన భోజనంలో తన మోతాదు తెలుసుకున్నవాడికి బాధలు పలచబడతాయని, ముసలితనం మెల్లగా వస్తుందని అర్థం వచ్చే ఒక చిన్న గాథ చెప్పాడు, అంతే. రాజు వెనక సుదస్సన అనే యువకుడు నిలబడి ఉన్నాడు. ఈ గాథ నేర్చుకుని నేను తినే వేళకు చదువు, రోజుకు వంద కహాపణాలు ఇస్తానన్నాడు రాజు. రాజు భోజనం క్రమక్రమంగా తగ్గి చివరికి ఒక నాళికకు, అంటే చిన్న కొలతకు, వచ్చింది. ఒళ్ళు తగ్గాక తన శరీరాన్ని తానే నిమురుకుని, భగవానుడు నాకు ఈ లోకంలోనూ మేలు చేశాడు అని సంతోషించాడు.

చూడండి, ఇందులో ఎంత ఉందో. ఒక్కసారిగా తగ్గించడం లేదు. ఒంటరిగా తంటాలు పడమనడమూ లేదు, పక్కన గుర్తు చేసే మనిషి ఉన్నాడు. ఆ మనిషిని రాజే పెట్టుకున్నాడు, ఎవరూ నెత్తిన రుద్దలేదు. అన్నిటికంటే ముఖ్యం, పసేనది జబ్బుకు కారణం అతిగా తినడం, కాబట్టి మందు కూడా దానికే. లోకంలో లావుగా ఉన్నవాళ్ళందరికీ అదే కారణమని భగవానుడు ఎక్కడ అన్నాడు? అది నేను కలిపిన మాట.

"అదంతా వాళ్ళ పూర్వకర్మ" అనేవాళ్ళూ ఉన్నారు. దీనికి కూడా సుత్తంలోనే జవాబు ఉంది. రాజగృహంలో మోలియసీవకుడనే పరివ్రాజకుడు, మనిషి అనుభవించేదంతా పూర్వం చేసినదాని ఫలితమేనా అని అడిగాడు. కాదన్నాడు బుద్ధుడు. పిత్తం వల్ల, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, మూడూ కలిసి, ఋతువు మారడం వల్ల, ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం వల్ల, దెబ్బల వల్ల కూడా బాధలు పుడతాయి, కర్మ అన్నది ఎనిమిదింటిలో ఒకటి మాత్రమే అన్నాడు. అన్నీ కర్మేనన్న మాట లోకానికి తెలిసిన సత్యాన్ని కూడా దాటిపోతుందని మందలించాడు.

నేటి వైద్యులు చెప్పే కారణాలు కూడా ఇలాగే అనేకం. ఒంటి తీరు చాలావరకు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వ్యాధుల మందులు బరువు పెంచుతాయి. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది. ఆడవాళ్ళలో పీసీఓడీ ఒక కారణం. థైరాయిడ్ మందగిస్తే కొంత బరువు పెరుగుతుంది, అలాగని ప్రతి లావుకూ థైరాయిడే మూలమనుకోవడం ఇంకో అపోహ. 1994లో శాస్త్రజ్ఞులు లెప్టిన్ అనే హార్మోన్‌ను కనుగొన్నారు. ఒంట్లోని కొవ్వే దాన్ని తయారుచేసి, నిల్వ ఎంత ఉందో మెదడుకు కబురు పంపుతుంది. బరువు తగ్గితే ఆ కబురు బలహీనపడుతుంది, ఆకలి ఎక్కువవుతుంది, శరీరం ఖర్చు చేసే శక్తిని కూడా తగ్గించుకుంటుంది. కష్టపడి పది కిలోలు తగ్గినవాళ్ళు మళ్ళీ పెరగడానికి ఇది పెద్ద కారణం. మనమేమో "నోరు కట్టుకోలేకపోయింది" అని తేల్చేస్తాం.

అలాగని తిండికీ ఒంటికీ సంబంధం లేదని కాదు. నూనెలో వేయించినవి, తీపి పానీయాలు, కూర్చుని చేసే పనులు మన ఇళ్ళలో ఎంత పెరిగాయో మీకు నేను చెప్పాలా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 24 మంది స్త్రీలు అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 36. చక్కెర వ్యాధి, రక్తపోటు, మోకాళ్ళ అరుగుదల దాని వెంట వస్తాయి. అందుకే పట్టించుకోవాలి. ఎగతాళి చెయ్యడానికి మాత్రం కాదు.

అన్నం మానేస్తే చాలు అంటారు కొందరు. అన్నం మానేసి నాలుగు పూరీలు తింటారు! గ్రాము పిండిపదార్థంలో 4 కేలరీలుంటే గ్రాము నూనెలో 9 ఉంటాయి. పొట్ట వ్యాయామం చేస్తే పొట్ట ఒక్కటే కరగదు. బెల్టులు, పొడులు అమ్మేవాళ్ళ సంగతి సరేసరి.

సన్నగా ఉంటే ఆరోగ్యమేననేది ఇంకో పెద్ద అపోహ. మన దక్షిణాసియా వాళ్ళకు చేతులు కాళ్ళు సన్నగా ఉన్నా కొవ్వు పొట్టలో చేరుతుంది. అందుకే బీఎంఐ 25 దాటితే అధిక బరువనే లెక్కను మనకు 23కే దించారు. నడుము కొలత మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. వినయ పిటకంలో ఒక సంగతి ఉంది. శరత్కాలంలో భిక్షువులు జబ్బుపడి, తిన్నది ఒంటికి పట్టక, చిక్కి, పాలిపోయి, నరాలు తేలి ఉంటే భగవానుడు చూశాడు. భేష్, బాగా తగ్గారు అనలేదు. నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం మందుగా తీసుకోమని అనుమతించాడు.

ఆయనకు ఆ చిక్కిపోవడం స్వానుభవం కూడా. బోధికి ముందు తిండి మాని ఎముకలగూడు అయ్యాక, అది దారి కాదని తెలుసుకుని ఆహారం తీసుకున్నాడు. పస్తులే ధమ్మమనుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ఉపోసథ నాడు అష్టశీల తీసుకునేవాళ్ళకు ఒక మాట: చక్కెర మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు ముందుగా డాక్టరును అడగండి. తిండి మానితే చక్కెర పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. (అన్నట్టు, షోకేసులో పెట్టుకునే బొజ్జ ఉన్న నవ్వే బుద్ధుడు గౌతమ బుద్ధుడు కాడు. ఆయన బుడాయి అనే చైనా భిక్షువు. నన్ను చాలామంది అడుగుతుంటారు.)

ఇక మాట సంగతి. "ఉన్నమాటే కదా, లావుగా ఉంది కాబట్టి లావు అన్నాను" అంటారు. సమ్యక్ వాక్కుకు నిజం ఒక్కటే చాలదు. సమయం చూసి, నిజంగా, మృదువుగా, మేలు కలిగేలా, మైత్రితో పలకాలని అయిదు గుర్తులు చెప్పాడు తథాగతుడు. పెళ్ళిచూపులకు కూర్చోబెట్టిన అమ్మాయి ముందు, పదిమంది భోజనానికి కూర్చున్నచోట అనే మాటలో ఆ అయిదింటిలో ఎన్ని ఉంటాయి? పైగా చిన్నప్పుడు అదే అమ్మాయిని "బొద్దుగా ఉంటేనే ముద్దు" అని ముద్ద మీద ముద్ద కుక్కింది కూడా మనమే. అవమానం వల్ల ఒళ్ళు తగ్గదు. ఆ బాధలో చాటుగా తినడం పెరుగుతుంది, నడకకు బయటికి రావడం మానేస్తారు, డాక్టరు దగ్గరకు వెళ్ళడానికీ సిగ్గుపడతారు.

నేను ఆ ఉపాసికను క్షమాపణ అడిగాను. వెంటనే రాలేదు. రెండు పౌర్ణములు గడిచాక వచ్చింది. పోయిన వర్షావాసంలో పసేనది కథ చెప్పమని ఆమెనే అడిగాం. రాజు రొప్పడం దగ్గర ఆమె ఒక్క వాక్యంతో దాటిపోయి, సుదస్సన దగ్గర ఆగింది. "ఆ కుర్రాడు రోజుకు వంద కహాపణాలు తీసుకుని, తినే వేళకు మాత్రమే చెప్పాడు. మా ఇంట్లో సుదస్సనులు ఊరికే చెబుతారు, రోజంతా చెబుతారు" అంది. వాళ్ళ అత్తగారు ముందు వరసలోనే ఉంది. అందరికంటే ముందు ఆవిడే నవ్వింది.