కాఫీ తెచ్చిన మనిషి

చిరంజీవి మనవడికి,

పొద్దున్నే లేచి చదువుకునే అలవాటు చేసుకుందామంటే నాలుగో రోజుకే తప్పిపోతోందనీ, నీకు పట్టుదల లేదనీ రాశావు. ఆ రెండో మాట నేను ఒప్పుకోను.

ఎందుకో చెబుతాను. ఆంథొనీ ట్రోలప్ అని 19వ శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు ఉండేవాడు. మొత్తం 47 నవలలు రాశాడు. 1867లో రాజీనామా చేసేదాకా తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే రాశాడు. ఇంత పని చేసినవాడు పుట్టుకతోనే పట్టుదల గలవాడై ఉంటాడనుకుంటాం. 1834లో లండన్‌లో గుమాస్తాగా చేరినప్పుడు మాత్రం వేళకి ఆఫీసుకు వచ్చేవాడు కాదు, అప్పులు చేశాడు, పైవాళ్ల చేత చీవాట్లు తిన్నాడు. 1841లో ఐర్లండు వెళ్లాక కుదురుకున్నాడు. మనిషి అతనే. ఊరు మారింది, పని మారింది, చుట్టూ ఉన్నవాళ్లు మారారు.

తర్వాతి రోజుల్లో పొద్దున అయిదున్నరకల్లా బల్ల ముందు ఉండేవాడు. ముందు అరగంట నిన్న రాసింది చదువుకోవడం. ఆపైన గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకి 250 మాటల చొప్పున రాయడం. ఏ వారం ఎన్ని పేజీలయ్యాయో డైరీలో లెక్క. ఇదంతా ఆయన ఆత్మకథలో ఉంది. చనిపోయిన మరుసటేడు, 1883లో అది అచ్చయితే, గడియారం చూసి రాసేది సాహిత్యమేమిటని కొందరు చిన్నచూపు చూశారు. నాకది అన్యాయమనిపిస్తుంది. ఆయన రాసిన ‘బార్సెట్’ అనే నవలల వరసకి ఊహ ఒక వేసవి సాయంత్రం సాల్స్‌బరీలో, పెద్ద చర్చి చుట్టూ తిరుగుతుంటే పుట్టింది. దాన్ని కాగితం మీదికి తెచ్చినవి ఆ పొద్దుటి గంటలే.

ఆ ఆత్మకథలో నన్ను పట్టేసిన సంగతి ఇంకొకటుంది. వాల్తమ్ క్రాస్ అనే ఊళ్లోని ఇంట్లో ఆయన్ని నిద్ర లేపి కాఫీ ఇచ్చే పని గుర్రాలు చూసుకునే ముసలి పనివాడిది. అందుకు ఏడాదికి 5 పౌన్లు అదనంగా ఇచ్చేవాడు. అక్కడ ఉన్న అన్నేళ్లలో అతను ఒక్కనాడూ ఆలస్యం చెయ్యలేదట. తన విజయానికి అందరికన్నా అతనికే ఎక్కువ రుణపడ్డానేమోనని ట్రోలప్ రాసుకున్నాడు.

నీ సంగతీ అంతే. ఇంటర్ చదివేటప్పుడు నువ్వు నాలుగింటికే లేచేవాడివి. అదంతా నీ పట్టుదలే అనుకున్నావు కదూ. మీ అమ్మ నీకన్నా ముందే లేచి పాలు కాచి, నిన్ను రెండుసార్లు లేపి, నువ్వు మళ్లీ పడుకోకుండా పక్కనే కూర్చునేది. ఇప్పుడు హైదరాబాదులో అద్దె గది, అర్ధరాత్రి దాకా చేతిలో ఫోను. నీలో తరిగిందేమీ లేదురా, లేపే మనిషి లేదు, అంతే. చెడు అలవాట్లూ ఇంతే. చాలామందికి మొదటి సిగరెట్టు ఎవడో స్నేహితుడు అందించిందే అయి ఉంటుంది.

కాబట్టి ఒట్లు పెట్టుకోకు, మనిషిని చూసుకో. మీ గదిలో కుర్రాడు తెల్లవారుజామునే లేస్తాడన్నావుగా, అతన్ని అడుగు. ఊరికే వద్దు, వారానికోసారి అతని టిఫిను ఖర్చు నువ్వు పెట్టుకో. మొదట అరగంట కూర్చుంటే చాలు. ఒకరోజు తప్పితే మర్నాడు కూర్చో, అంతేగాని సోమవారం నుంచి కొత్తగా మొదలెడతానని వాయిదా వెయ్యకు.

ఇంకొక్క పని. ఈ ఉత్తరం అందగానే మీ అమ్మకి ఫోన్ చేసి, నీ ఇంటర్ రెండేళ్లూ రాత్రి ఎన్నింటికి పడుకునేదో అడుగు.

నీ తాతయ్య