పావు డాలరు పందెము



జూదమనగానే ధర్మరాజు జ్ఞప్తికి వచ్చును, నలమహారాజు జ్ఞప్తికి వచ్చును. రాజ్యమును, తమ్ములను, తుదకు ధర్మపత్నిని ఒడ్డి ఓడిన కథ విన్న పసివాడు సైతము జూదము చెడ్డదనును. కాని ఆ కథలవలన ఒక చిక్కు కలదు. ఒడ్డుటకు రాజ్యము లేనివాడు, “నాది పావలా పందెము, దీనిలో కొంప మునుగునదేమున్నది?” అని సులువుగా తప్పించుకొనును. పెండ్లి విడిదిలో తెల్లవార్లు పేక వేయు పెద్దలు చెప్పునదియు ఇదియే. కావున పెద్ద జూదము నటుంచి, ఈ పావలా పందెమునే పరిశీలింపవలసియున్నది.

జహీరాబాదు ప్రాంతపు వీరశైవ కుటుంబమున జన్మించి, హైదరాబాదులో ఇంజనీరుగా పనిచేయుచున్న ఒక యువకుని ఉదాహరణముగా గైకొందురు గాక. ఎనిమిదవ యేట దీక్ష పొందినది మొదలు ఇష్టలింగపూజ తప్పనివాడు. ప్రతి జనవరిలో అమెరికాలోని లాస్ వేగాస్ నగరమున జరుగు ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనకు కంపెనీవారతనిని పంపిరి. పగలెల్ల ప్రదర్శనశాలలో నిలువుకాళ్ళపై పని. రాత్రి బస ఒక కాసినో హోటలున. కాసినో యనగా జూదశాల. నెవడా రాష్ట్రమున జూదము 1931లో చట్టబద్ధమైనది. నాటినుండి ఆ యెడారి పట్టణము జూదముతోనే పెరిగినది. లాస్ వేగాస్ అను స్పానిష్ మాటకు పచ్చికబయళ్ళని యర్థము. ఇప్పుడచట పచ్చికకన్న దీపములే మెండు. అచటి పెద్ద హోటళ్ళలో గదికి పోవలెనన్నను, భోజనమునకు పోవలెనన్నను జూదపుటంగణము మీదుగా నడువవలసినదే. వద్దనుకొన్నవాడును దినమునకు నాలుగుమారులైన దానిని దాటవలెను.

అతడు జూదరి కాడు. చక్రములు గిరగిర తిరుగు యంత్రముల చెంతకు పోలేదు, పెద్దబల్లల దరి చేరలేదు. ఒక మూలనున్న వీడియో పోకర్ యంత్రము మాత్రమతని నాకర్షించినది. 1970వ దశకమున పుట్టి, ఆ దశకము చివరినుండి ప్రబలిన యాట యిది. తెరపై అయిదు ముక్కలు పడును. ఉంచుకొనదలచిన వానిని మీట నొక్కి నిలుపుకొనవలెను. తక్కినవి పోయి వాని స్థానమున క్రొత్తముక్కలు వచ్చును. జాకీల జత మొదలు పై చేతులన్నిటికిని ఫలము కలదు. పావు డాలరు నాణెము లెక్కన అయిదు నాణెములు, అనగా ఒక్కొక్క ఆటకు డాలరుంబావు. రాత్రికి ఇరువది డాలర్లకు మించరాదని అతడు నియమము పెట్టుకొనెను.

ఇంజనీరు గదా, లెక్క కూడ వేసెను. ఫుల్ హౌస్‌కు తొమ్మిది రెట్లు, ఫ్లష్‌కు ఆరు రెట్లు ఇచ్చు యంత్రముపై లేశమైన తప్పు లేక ఆడువానికి, ఒడ్డిన ప్రతి 100 డాలర్లకును 99 డాలర్ల 54 సెంట్లు తిరిగి వచ్చును. యంత్రము మిగుల్చుకొనునది 46 సెంట్లే. గంటకు 600 ఆటలాడినను నష్టము మూడున్నర డాలర్లు దాటదు. “కాఫీ ఖర్చు” అని అతడు తోడివానితో ననెను. లెక్క తప్పు కాదు, కాని అందులో రెండు మెలికలు కలవు. తొమ్మిది, ఆరు అను అంకెలకు బదులు ఎనిమిది, అయిదు వ్రాసియున్న యంత్రము చూపునకు అచ్చముగా అట్లే యుండును. దానిపై గంటకు పోవునది సుమారు ఇరువది డాలర్లు. ఇక రెండవది. ఆ 99 డాలర్లలో దాదాపు రెండు డాలర్లు రాయల్ ఫ్లష్ అను ఒక్క మహాఫలమునుండి రావలసినవి. అది సగటున 40,000 ఆటలకొకమారు పడును. మూడు రాత్రులకు వచ్చిన బాటసారి ఆడునది రెండు మూడు వేల ఆటలు. అతనికి ఆ రెండు డాలర్లు కాగితముపై మాత్రమే ఉండును.

అయినను ఈ ప్రసంగమునకు మూలము డబ్బు నష్టము కాదు. మూడున్నర డాలర్ల కొరకు ఉపదేశము చేయనక్కరలేదు. ఈ యాట కాయకపు వేషము వేసికొని వచ్చుననునదియే ఇచట కీలకము. చక్రముల యంత్రము ముందు మనుష్యుడు ఊరక కూర్చుండును. పోకర్ యంత్రము ముందు అతడు ఆలోచించును. ఇస్పేటు రాణిని ఉంచవలెనా, నాలుగు ఆఠీనులను పట్టుకొని అయిదవదానికై చూడవలెనా యని ప్రతి పది సెకన్లకును తీర్పు చెప్పును. తప్పు దిద్దుకొనును, ఓర్పు నేర్చుకొనును. రెండు గంటలు గడిచిన పిమ్మట ఒడలు బడలియుండును. ఆ బడలికను చూచి మనస్సు, “నేడు పని చేసితిని” అని భ్రమించును. మనదేశమునను ఈ నేర్పు అను మాటపై ఎంత వాదము జరిగినదో పాఠకులకు తెలియనిది కాదు. ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన ఒక కేసులో రమ్మీ ప్రధానముగా నేర్పుతో కూడిన ఆటయని సుప్రీంకోర్టు 1967లో చెప్పినది. సెల్‌ఫోనులలో డబ్బు పెట్టి ఆడు రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించినవి. 2025లో పార్లమెంటు దేశమంతటికిని చట్టము చేసినది. న్యాయస్థానముల విచారము వేరు, శరణుల విచారము వేరు. నేర్పు ఉన్నంతమాత్రమున పని కాయకము కానేరదు. కన్నము వేయువానికిని నేర్పు కలదు.

మరి కాయకమనగా నేమి? బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున భాండాగారమును కాపాడినవాడు. దినమెల్ల ధనముతోనే పని, అందొక్క కాసును తనది కాదు. జంగములకు దోచిపెట్టుచున్నాడని కొండెములు చెప్పినప్పుడు లెక్కింపగా ఒక్క కాసైనను తక్కువ కాలేదని పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పుచున్నది. కాయకపు ఫలము చేసినవానియొద్ద ఆగదు. అది దాసోహముగా పరులను చేరును. నేసినవాని బట్ట మరియొకరు కట్టుదురు, దున్నినవాని గింజ మరియొకరు తిందురు. పోకర్ యంత్రము ముందు రెండు గంటలు శ్రమించినవాని శ్రమవలన ఎవని కడుపు నిండినది? ఎవని ఒడలు కప్పబడినది?

ఆ హోటలునే చూడుడు. జూదపు ముక్కలకన్న దానిని నడుపునవి మనుష్యుల చేతులు. లాస్ వేగాస్‌లో పాకశాలలలోను, గదుల సేవలోను పనిచేయువారి సంఘమున సుమారు 60,000 మంది సభ్యులు కలరు. మన యువకుని గదిలో ప్రతిదినము పక్క సవరించి, తువ్వాళ్ళు మార్చి పోవు స్త్రీ వారివంటిదే. జూదశాలలో చేసినదిగాన ఆమె కాయకము మైలపడునా యని ఎవరైన అడుగవచ్చును. భవియైన రాజు కొలువులో బసవన్న చేసినది మైలపడలేదు గదా! అచటి పద్ధతి ననుసరించి ఆమెకు దినమునకు రెండు మూడు డాలర్లు దిండుపై ఉంచవలెనని తోడివాడు మొదటనే చెప్పియుండెను. “ఖర్చు ఎక్కువగుచున్నది” అని యువకుడు మానుకొనెను. యంత్రములో ఇరువది పెట్టిన చేయి, దిండుపై రెండు పెట్టలేకపోయినది. పావలా పందెము చేయు నష్టమును లెక్కింపదలచినవారు ఇచటినుండి మొదలుపెట్టవలెను.

మొదటి రాత్రి ఇరువది డాలర్లు పోయినవి. రెండవ రాత్రి మరి ఇరువదియు కరిగి, చివరి డాలరుంబావుకు నాలుగు ఆసులు పడినవి. యంత్రము గలగలలాడి 31 డాలర్ల 25 సెంట్లకు చీటీ నిచ్చెను. ఇప్పుడచట నాణెములు రాలవు, కాగితపు చీటీయే వచ్చును. మూడవ రాత్రి ఆ చీటీతోనే కూర్చుండెను. తన డబ్బు కాదు గదా యను ధైర్యముతో ఇరువది డాలర్ల నియమము తెలియకుండనే జారిపోయెను. ఆ శాలలో కిటికీలు లేవు. లేచి చూచునప్పటికి రాత్రి మూడు గంటలు, చీటీలో 58 డాలర్ల 75 సెంట్లు. గెలిచినాడు! గెలుపుతోనే పోయి పడుకొనినాడు.

మరునాడు తలుపు తట్టిన చప్పుడునకు మెలకువ వచ్చెను. ప్రదర్శనకు వేళ దాటినది. ముఖము కడుగుకొని, చొక్కా తొడుగుకొని పరుగిడెను. దీక్ష పొందిన పిమ్మట మొదటిమారు పూజ లేని ప్రొద్దు అది. ఆ రాత్రి హైదరాబాదునుండి భార్య ఫోను చేసి, రోజూ అడుగునట్లే, “పూజ అయినదా అండీ?” అని యడిగినది. “అయినది” అనెను.

ఈ యొక్క మాటయే ఈ కథలో పెద్ద నష్టము. ఇరువది డాలర్లను ఒడ్డుచున్నానని అతడు తలచెను. తాను ఒడ్డినదేమో ఆ ఫోను పెట్టివేసిన పిదపగాని అతనికి తెలియలేదు.

ప్రదర్శన ముగిసినది. శనివారమున తోడివానితో కలిసి కారులో గ్రాండ్ కాన్యన్ అను మహాలోయను చూడబోయెను. దారిలో సుమారు 40 కిలోమీటర్ల దూరమున బౌల్డర్ సిటీ యను చిన్న ఊరు కలదు. హూవర్ ఆనకట్ట కట్టు కూలీల కొరకు 1931లో ప్రభుత్వము నిర్మించిన ఊరది. జూదము చట్టబద్ధమైన సంవత్సరమును అదియే! కాని ఆ యూరిలో జూదము నాడును లేదు, నేడును లేదు. నెవడా రాష్ట్రమంతటిలో జూదము లేని ఊళ్ళు రెండే, అందిది యొకటి. 726 అడుగుల ఆ కట్టడము వద్ద పనిలో ప్రాణములు కోల్పోయినవారు అధికారిక లెక్క ప్రకారము 96 మంది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1935లో దానిని అంకితము చేసెను. ఎడారికి నీరును, వెలుగును ఇచ్చినది ఆ చేతులే. నాగార్జునసాగరమున రాళ్ళెత్తినవారి బిడ్డలకు ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ యూరిలో ఫలహారమునకు ఆగినప్పుడు అతడు ఇంటికి ఫోను చేసెను. అక్కడ రాత్రి భోజనములైన వేళ. పూజ తప్పినదని, తాను అబద్ధమాడితినని, యంత్రము సంగతియు, చీటీ సంగతియు చెప్పెను. భార్య కొంతసేపు పలుకలేదు. అతడే మరల, “తెచ్చి మఠములో దాసోహమునకు ఇచ్చెదను, పైగా వచ్చినది పదునెనిమిది డాలర్లకు పైనే ఉన్నది” అనెను.

“మఠమునకు వద్దండీ,” అనెను ఆమె. “లక్కమ్మ ఏమి చేసినదో మీకు తెలియదా?”

కల్యాణమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను దంపతులుండిరి. మహామనెయొద్ద నేలరాలిన బియ్యపు గింజలేరి తెచ్చి, వండి జంగములకు పెట్టుట మారయ్య కాయకము. ఒకనాడతడు రోజుకన్న ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఆ మిగులు మనకేలయని, తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను మరల పంపెను. ఆ బియ్యము దొంగిలినది కాదు, ఎవరును అడుగలేదు. జంగములకే పెట్టవచ్చునుగదా యని మనవంటివారు వాదింతురు. ఆమె దృష్టిలో కాయకమునకు మించి వచ్చినది నైవేద్యమునకు పనికిరాదు. ఎనిమిదివందల యేండ్ల క్రిందట పిడికెడు బియ్యముతో తేలిన విషయమిది.

“అయితే తిరిగి ఇచ్చుటెట్లు? మరల యంత్రములో పెట్టి ఓడవలెనా?” అని అతడడిగెను. పరిహాసమునకే యన్నను, ప్రశ్న సరియైనదే.

“మార్చకుండిన చాలును.”

“అందులో నావి నలుబది యున్నవి.”

“అవి పెట్టిననాడే ఇచ్చివేసితిరి. గది ఊడ్చు ఆ తల్లికి మీ జీతములోనుండి ఇచ్చి రండి.” ఇంతే చెప్పి, కోటు బొత్తాములు పెట్టుకొనుడని, అచట మంచు పడునట కదా యని హెచ్చరించినది.

సాయంకాలమునకు వారు లోయ దక్షిణపు గట్టున హోపీ పాయింట్ అను చోటికి చేరిరి. ఎదుట లోయ నడుమ ఎఱ్ఱని శిఖరములు. అందు పెద్దదానికి శివాలయమని పేరు! డటన్ అను అమెరికా భూగర్భశాస్త్రజ్ఞుడు 1880వ దశకపు తొలినాళ్ళలో అచటి శిఖరములకు విష్ణ్వాలయము, శివాలయము అని ప్రాచ్యదేశపు పేర్లు పెట్టెను. గోడ లేదు, గోపురము లేదు, పూజారి లేడు. వేల యేండ్లుగా వేరుపడిన ఆ కొండకొమ్మున వింత జంతువులుండునేమో యని న్యూయార్కునుండి శాస్త్రజ్ఞులు 1937లో ఎక్కి వెదకిరి. గట్టుపైనున్న ఎలుకలు, ఉడుతల వంటివే అచటను ఉన్నవని తేలినది. పేరును చూచి అద్భుతము నాశించుట పండితులకును తప్పదు కాబోలు!

తోడివాడు చలికి ఓర్వలేక కారులో కూర్చుండెను. యువకుడు సీసానీటితో చేతులు కడుగుకొని, విభూతి ధరించి, మంచు తుడిచిన ఒక రాతిపై కూర్చుండి ఇష్టలింగమును ఎడమ అరచేత నిలుపుకొనెను. మూడు రాత్రులు మీటలు నొక్కిన వ్రేళ్ళు చలికి కొంకరపోయియుండెను. పూజకు ఇంటివద్దకన్న ఎక్కువసేపు పట్టినది. లేచునప్పటికి ఎదుటి శివాలయము చీకటిలో కలిసిపోయి, కారు దీపములు మాత్రమే కనబడుచుండెను.

ఆదివారము గది విడుచునప్పుడు దిండుపై పదునైదు డాలర్లుంచి, దానిపై పేరు లేని ఒక కృతజ్ఞతల కాగితము పెట్టెను. చీటీ కోటు జేబులోనే యుండి హైదరాబాదు చేరినది. అది ఆ హోటలులో తప్ప మరెచటను చెల్లదు.