పలకని బోర్డు

తలుపు మీద డిస్‌ప్లే ఉన్న ఫ్రిజ్‌లకి ఒక జబ్బుంది. అంకె కనబడాల్సిన చోట ఏదో కోడ్ పడుతుంది. కంపెనీకొక రకం కోడ్, కొన్నింట్లో ‘ఇఆర్ సిఓ’ అని వస్తుంది. తలుపులో ఉన్న చిన్న బోర్డుకీ వెనకున్న మెయిన్ బోర్డుకీ మధ్య మాటల్లేవని దాని అర్థం. ఇంట్లోవాళ్లు మాత్రం ఫోన్లోనే తేల్చేస్తారు: “మెయిన్ బోర్డు పోయిందండీ.” కోడ్ ఆ మాట అనలేదు. అటునుంచి జవాబు రావట్లేదని మాత్రమే అంది. ఈ రెండు మాటలకీ మధ్య నా పనిలో కొన్ని వేల రూపాయల తేడా. మా వీధి మాస్టారి లెక్కలో అయితే దేవుడు ఉండడానికీ లేకపోవడానికీ ఉన్నంత తేడా.

కాకినాడలో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేస్తాను. పని ఐటీఐలో నేర్చుకున్నాను, తర్కం మాస్టారి అరుగు మీద. ఆయన సంస్కృతం చెప్పి రిటైరయ్యారు. ఖాళీగా దొరికానని అన్నంభట్టు తర్కసంగ్రహం ముందేసి కూర్చోబెట్టారు. అన్నంభట్టు మన తెలుగువాడేనని ఆయనకి మహా గర్వం. అదే అరుగు మీద రెండో కొసన మా మేనమామ కూర్చుంటాడు. ఆయన నాస్తికుడు. మా ఊరి పి.ఆర్. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన గోరాగారికి నాస్తికత్వం వల్ల 1933లో ఆ ఉద్యోగం పోయిందన్న సంగతి, తన ఉద్యోగమే పోయినంత మంట మీద చెబుతాడు.

మామయ్య వాదం పొట్టిది. తుపాను రాత్రి పిలిచారు, పలకలేదు. ఆసుపత్రి వరండాలో పిలిచారు, పలకలేదు. ఇన్ని వేల ఏళ్లుగా ఇంతమంది పిలిచినా పలకనివాడు లేనట్టే.

మాస్టారు దానికి కుమారిలభట్టు నుంచి మొదలెడతారు. ఒక వస్తువు లేదని మనకెలా తెలుస్తుంది? అందుకు అనుపలబ్ధి అని వేరే ప్రమాణమే ఉందన్నారు భాట్ట మీమాంసకులు, అద్వైతులూ సరేనన్నారు. నైయాయికులు ఒప్పుకోలేదు. కన్నే చాలు, దానికి అనుపలబ్ధి సాయం చేస్తుందంతే అన్నారు. పేచీ ఎంత ఉన్నా ఒక షరతు దగ్గర మాత్రం అందరూ కలిశారు: ఉంటే కనబడి తీరాల్సిన పరిస్థితిలో కనబడకపోతేనే లేదనాలి. యోగ్యానుపలబ్ధి అంటే అదే. దీపం వెలుగుతున్న గదిలో కుండ కనబడలేదా, లేదు. చీకటి గదిలో కనబడలేదా, ఏమీ తేలలేదు.

ఆ షరతు విన్న రోజు నాకు శాస్త్రం కొత్తగా అనిపించలేదు. అది నేను రోజూ చేసే పనే.

ఈమధ్య రామారావుపేటలో ఒకరింటికి వెళ్లాను. పై కీలు మీది ప్లాస్టిక్ మూత విప్పితే కనెక్టర్, అందులోకి నాలుగు వైర్లు. ఒకటి 12 వోల్టులు, ఒకటి గ్రౌండ్, ఒకటి కబురు పంపేది, ఒకటి అందుకునేది. మా ఊరి ఉప్పుగాలికి పిన్నుల అంచున పచ్చటి చిలుము. మీటరు పెట్టకముందే ఒకటి తెలిసిపోతుంది. డిస్‌ప్లే కోడ్ చూపిస్తోందంటే దానికి కరెంటు అందుతోంది. ఆ 12 వోల్టులు పంపేది మెయిన్ బోర్డే. అంటే తనకి అన్నం పెడుతున్నవాడి మీదే ‘పలకడం లేదు’ అని ఫిర్యాదు రాసి తలుపుకి అంటించింది. ఇది చెబితే మాస్టారు తొడ మీద చరిచి నవ్వారు. మామయ్య నవ్వలేదు.

ప్లగ్ తీసేసి, కనెక్టర్లు రెండూ ఊడదీసి, మీటరుని బీప్ మీద పెట్టి, ఒక మొన కీలు దగ్గర, రెండోది డిస్‌ప్లే వెనకాల ఆనించాను. ఇంటావిడ తలుపు పట్టుకున్నారు. మూసి ఉన్నంతసేపూ బీప్ మోగింది. మెల్లగా తెరవమన్నాను. సగం దాకా వచ్చేసరికి ఆగిపోయింది. మూస్తే మళ్లీ మోగింది. వైరు పైతొడుగు నున్నగా, కొత్తదానిలా ఉంది. లోపల రాగి తెగింది. తలుపు తీసిన ప్రతిసారీ కీలు గొట్టంలో మెలిపడి మెలిపడి తెగిన రాగి అది. ఆ గొట్టంలో అతుకేస్తే నిలవదు. అక్కడికి మెత్తటి కొత్త వైరు లాగి, అతుకులు రెండూ మెలిపడని చోటికి జరిపి, సోల్డర్ చేసి స్లీవ్ వేశాను. కోడ్ పోయింది.

ఆ సాయంత్రం అరుగు మీద అడిగాను, “పలకలేదు సరే మామయ్యా, లైను చూశావా?” అని.

“ఎక్కడుందిరా లైను? చూపించు, మీటరు నేనే పెడతా,” అన్నాడు.

ఇది గట్టి జవాబనే నేనిప్పటికీ అంటాను. వెయ్యేళ్ల కిందట ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలి మూడో స్తబకంలో ఈ చోటనే కోట కట్టాడు. ఈశ్వరుడు ఇంద్రియాలకి అందే వస్తువు కాదు కనక, కనబడలేదన్న మాట ఆయన్ని కాదనలేదు. మరైతే కుందేటి కొమ్ము కూడా అలాగే ఉందనుకోవాలా? అక్కర్లేదు, కొమ్మంటే కంటికి కనబడే జాతిది, ఉంటే కనబడేది. వాదం శుభ్రంగా ఉంది. కానీ దాని ఖర్చు భక్తుడి మీద కూడా పడుతుందని నాకనిపిస్తుంది. పలకకపోవడం దేనికీ సాక్ష్యం కానప్పుడు, ‘నాతో పలికాడు’ అనేవాళ్లని అంత సులువుగా ఎలా నమ్మడం? చాలా ఫ్రిజ్‌లలో తలుపు మీద కనబడే 3 లోపలి చల్లదనం కాదు, మనం మీట నొక్కి పెట్టిన అంకె. లోపల థర్మామీటరు పెడితే 8 ఉండొచ్చు. దేవుడు కల్లో కనబడి ఫలానా పొలం అమ్మొద్దన్నాడని చెప్పేవాళ్లని చూస్తే నాకు ఆ 3 గుర్తొస్తుంది.

ఉదయనుడికీ ఈ సంగతి తెలుసు. అందుకే కాదనేవాళ్ల నోరు మూయించి ఊరుకోలేదు. అయిదో స్తబకంలో ఉన్నాడనడానికి హేతువులు వరసపెట్టాడు. మొదటిది కార్యం: పని జరుగుతోంది కనక చేసేవాడుండాలి. మాస్టారికి ఇక్కడ నా ఫ్రిజ్ బాగా పనికొచ్చింది. “చల్లదనం ఉంది కదటోయ్, బోర్డు పనిచేస్తున్నట్టేగా!”

కాదు. తొందరపడే మెకానిక్కులు బోల్తాపడేది అక్కడే. రిలే కాంటాక్టులు ఒక్కోసారి కాలి అతుక్కుపోతాయి. అప్పుడు బోర్డు వద్దన్నా కంప్రెసర్ తిరుగుతూనే ఉంటుంది. కింద అరలో పెరుగు గడ్డకడుతుంది, టమాటాలు రాళ్లవుతాయి. చల్లదనం దండిగా ఉంటుంది, చూసేవాడు మాత్రం ఎవడూ ఉండడు. అందుకే రామారావుపేటలో ప్లగ్ తీయకముందు, ఇంటావిడ ఇచ్చిన కాఫీ గ్లాసు పట్టుకుని ఫ్రిజ్ వెనక చెవి పెట్టి నిలబడ్డాను. నేను వినాలనుకున్నది కంప్రెసర్ తిరగడం కాదు, ఆగడం. ఓవర్‌లోడ్ కొట్టి ఆగితే అందులో ఒక మూలుగుంటుంది, మా చెవులకి తెలుస్తుంది. ఇది చక్కగా ‘టక్’ మని ఆగింది. ఇక చాలు అని ఎవరో అనుకున్నారన్నమాట. బోర్డు మీద నాకు నమ్మకం కుదిరింది అప్పుడే, ఫ్రీజర్‌లో మంచు చూసి కాదు.

ఎండ కాస్తోంది, వాన పడుతోంది, పిల్లలు పుడుతున్నారు అని చెబితే నాకు తిరుగుతున్న కంప్రెసరే వినబడుతుంది. కట్ఆఫ్ ఎక్కడ, మాస్టారూ?

“కర్మఫలం,” అన్నారాయన వెంటనే. చేసినదానికి కనబడని లెక్క ఒకటుంటుందనీ, మొదటి స్తబకమంతా ఆ అదృష్టం గురించేననీ చెప్పారు. నేను పని మీద వడ్డీ వ్యాపారుల ఇళ్లకీ వెళ్తాను, వాళ్ల దగ్గర అప్పు తీసుకున్నవాళ్ల ఇళ్లకీ వెళ్తాను. ఏ ఇంట్లోనూ ఆ టక్ నాకు వినపడలేదన్నాను.

“కాఫీ తాగేలోగా ఆగమంటే ఎలాగోయ్? ఇది జన్మల లెక్క.”

“అన్ని జన్మలు గ్లాసు పట్టుకుని ఎవడు నిలబడతాడండీ?” అన్నాడు మామయ్య.

ఎంతసేపు వినాలో ముందు చెప్పని పరీక్షని నా పనిలో పరీక్ష అనరు. ఆ మాట మాస్టారితో గట్టిగానే అన్నాను, ఆయన కొంచెం నొచ్చుకున్నారు కూడా. అయితే ఇంతవరకూ ఆగలేదు కనక ఆపేవాడే లేడని రాసి సంతకం పెట్టమంటే అదీ పెట్టలేను. మామయ్య ఎప్పుడో పెట్టేశాడు. మా ఇద్దరికీ పడనిది అక్కడొక్కచోటే.