సహజమైన రంగు నిర్దోషమైనదేనా?

మంటి నుండియు చెట్టు నుండియు వచ్చిన రంగులు సహజమైనవనుట నిజమే. అంతమాత్రముచేత అవి నిర్దోషములని చెప్పవచ్చునా? జపాను దేశపు అచ్చుకాగితముల పనిని పరిశీలించినచో ఈ ప్రశ్నకు కొంత సమాధానము దొరకును.

అక్కడ నారకాగితములను రెండు మూడు పొరలుగా అతికి, మన తునికి జాతికే చెందిన ఒక చెట్టు పచ్చికాయల వగరు రసమును పట్టింతురు. దానితో అవి నీటికి చెడవు. వానిపై సన్నని కత్తితో పువ్వులు, తీగెలు కోసి అచ్చు తయారుచేయుదురు. అచ్చును గట్టి చేతికాగితముపై నుంచి, జిగురు బియ్యపు పిండి, తవుడు కలిపి వండిన బంకను పూయుదురు. బంక ఆరిన పిమ్మట రంగు వేసి, నీట నానవేసి కడుగుదురు. బంక యున్నచోట రంగు పట్టదు. సెరిజావా కేసుకే (1895–1984) ఈ పద్ధతిని క్యాలెండర్లకు, పుస్తకముల అట్టలకు వాడి ప్రసిద్ధుడయ్యెను. 1956లో జపాను ప్రభుత్వము ఆయనను జాతీయ గౌరవమునకు ఎన్నుకొన్నది.

దీపపు మసి, ఎర్రమన్ను, పసుపుమన్ను ఇందలి రంగులు. చిత్రకారులు రంగులను తోళ్లు ఉడికించి తీసిన వజ్రముతో కలుపుదురు. ఈ పనివారు సోయా గింజల పాలతో కలుపుదురు. ఇంతవరకు మనస్సునకు హాయిగానే యున్నది.

కాని సన్నని కోతలు చెదరకుండుటకు అచ్చుపై పట్టు వల అతికింతురు. పట్టు కొరకు గూటిలోని పురుగును చంపుదురు. ఒకినావా దీవుల అద్దకములో ఇంగిలీకము, హరిదళము, పురుగుల నుండి తీసిన ఎరుపు కూడ వాడిరి. ఇంగిలీకములో పాదరసము, హరిదళములో పాషాణము గలవు. అన్నియు సహజములే! నేడు కొందరు పట్టుకు బదులు కృత్రిమపు వల వాడుచున్నారు. అది సహజము కాదు. అయినను దానికొరకు పురుగు చావదు.

ఇంత విచారించినచో వ్యాపారము సాగునా యని కొందరందురు. పూర్తిగా దోషము లేని సరుకు దొరకుట అరుదే. అందుచేత విచారణ మానవలెనని కాదు. అహింసను కోరి కొనువానికి "సహజము" అనుమాట ఒక్కటే చెప్పి అమ్ముట, చెప్పవలసిన దానిని దాచుటయే. రంగు దేనితో కలిసినది, వల దేనితో నేసినది అని అడిగి తెలిసికొని, తెలిసినది తెలిసినట్లు చెప్పుట వర్తకుని ధర్మము. బేరము పోయినను మాట నిలుచును.