దీపమును మోసిన తల

పాత వస్తువులయందు మనకింత మక్కువ యెందుకు? గడచిన క్రిస్మసునకు మా సంఘ యౌవనస్థులు అటకమీదనున్న పెట్రోమాక్సు దీపమును దింపి, ఇత్తడి తొట్టిని చింతపండుతో తోమి మందిర ద్వారమునొద్ద పెట్టిరి. పైన విద్యుద్దీపములు వెలుగుచున్నను పిల్లలందరు దానిచుట్టు మూగిరి. నేనును మూగితిని. ఏబది దాటినవాడను, నా బాల్యమంతయు ఆ బుసబుస శబ్దములోనే యున్నది.

అది నిజముగా వింతయైన దీపమే. 1910 ప్రాంతమున బెర్లినులో మాక్స్ గ్రేట్జ్ అనునతడు దానిని రూపొందించెను. పేరులోని మాక్స్ ఆయనదే. తొట్టిలో కిరసనాయిలు పోసి పంపుతో గాలి కొట్టవలెను. వేడెక్కిన గొట్టములో నూనె ఆవిరియై, సన్నని రంధ్రముగుండ వెడలి, గాలితో కలిసి మండును. అయితే ఆ తెల్లని వెలుగు మంటది కాదు, మాంటిలుది. ఆస్ట్రియా దేశపు కార్ల్ ఔయర్ 1891 నాటికి తోరియము 99 పాళ్లు, సీరియము 1 పాలు కలిపి దానిని కుదిర్చెను. తొలిసారి వెలిగించగానే గుడ్డ కాలిపోయి బూడిద వల మిగులును. వెలుగునిచ్చునది ఆ బూడిదయే. వ్రేలు తగిలిన రాలిపోవును. ఆ తోరియము కొరకే 1909 తరువాత మన తిరువాన్కూరు తీరపు ఇసుక ఐరోపాకు పోయెను.

నేనిదంతయు పిల్లలకు ఉత్సాహముగా చెప్పుచుండగా, మా సంఘములోని ఒక పెద్దాయన వచ్చి దీపమును చూచి, మాటాడక తన నడినెత్తి తడుముకొనెను. చిన్నతనమున ఆయన పెండ్లి ఊరేగింపులలో కూలికి ఈ దీపములు మోసినవాడు.

నాకు సిగ్గు కలిగెను. నేను జ్ఞాపకము చేసికొన్నది వెలుగును; ఆయన జ్ఞాపకము చేసికొన్నది బరువును. చెవులకు సెగ, మెడమీద కారు కిరసనాయిలు. మేళము ఆగినచోట ఆగవలెను, కదలినప్పుడు కదలవలెను. ఆ వెలుగులో అందరి ముఖములును కనబడును, మోయువాని ముఖము తప్ప. వానిమీద తొట్టి నీడ పడును. భోజనమునకు కడపటి బంతి. మోసినవారు మన పల్లెలవారే గదా! కుంచము క్రింద పెట్టకూడని దీపమును గూర్చి నేను ఎన్నో ప్రసంగములు చేసితిని. దీపస్తంభముగా నిలిచిన మనుష్యుని గూర్చి ఒక్కటియు చేయలేదు.

అట్లయితే పాత వస్తువును ప్రేమించుట తప్పా? తప్పని చెప్పజాలను. యౌవనస్థులకు ఆ దీపము వెలుగకపోగా, ఆయనే చతికిలబడి పిన్నుతో రంధ్రమును పొడిచి శుభ్రపరచెను. ఆ చేతులలో ద్వేషము కనబడలేదు. మోయకుండ వెలుగు పొందిన నావంటివాడు “ఆ దినములే మంచివి” అనుట మాత్రము నాకిప్పుడు మింగుడుపడుటలేదు.

ఇంకను వెలిగింపకముందే ఒక పిల్లవాడు, “ఎంతసేపు మోసేవాడివి తాతా?” అని అడిగెను.

“పెండ్లికొడుకు విడిది చేరేదాకా, నాయనా” అని ఆయన తన కండువాను చుట్టగా చుట్టి, వాని తలమీద పెట్టి, దానిపై దీపమును నిలిపెను. తక్కిన పిల్లలు లెక్కపెట్టసాగిరి. లెక్క 40 చేరకముందే వాడు దింపుమనెను.