ఎత్తిపెట్టిన గిన్నె

మా ఇంట్లో అన్నం వార్చి దింపగానే అమ్మ ముందుగా ఒక స్టీలు గిన్నెలోకి కొంత తీసి మూత పెట్టేసేది. అది నాన్న వాటా. నాన్న ఏ రాత్రప్పుడు వచ్చినా, చెప్పాపెట్టకుండా ఎంతమంది చుట్టాలు దిగినా, ఆ మూత తీయడానికి వీల్లేదు. తర్వాత అన్నయ్యకి, ఆ తర్వాత మా అక్కచెల్లెళ్ళకి. అందరివీ అయ్యాక అడుగున ఏం మిగిలితే అది అమ్మకి. "నాకంత ఆకలిగా లేదే" అనేది. ఆ మాట మేం చాలా ఏళ్ళు నమ్మాం.

ఆ గిన్నె సంగతి నేను దాదాపు మర్చిపోయాను. 2025 నవంబరు 1, శనివారం పొద్దున, అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని నాషువాలో, ఒక ఫుడ్ ప్యాంట్రీలో బీన్స్ డబ్బాలు సర్దుతుంటే మళ్ళీ గుర్తొచ్చింది. నేనీ ఊరొచ్చి ఇరవయ్యేళ్ళు దాటింది. శనివారాలు అక్కడ సాయానికి వెళ్తుంటాను. ఆ రోజు తలుపులు తీయకముందే వరస పార్కింగు స్థలం దాటి రోడ్డు మీదికి వచ్చేసింది. ఎక్కువమంది ఆడవాళ్ళే. ముసలివాళ్ళని చూసుకునే ఉద్యోగానికి పోతూ ఆ యూనిఫాంలోనే వచ్చిన ఒకామె, పిల్లాడి చెయ్యి పట్టుకుని, "వచ్చేవారం కూడా తెరుస్తారా?" అని అడిగింది. "తెరుస్తాం" అన్నాను. షెల్ఫుల్లో ఏముంటుందో మాత్రం చెప్పలేకపోయాను.

అక్కడ ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. ఆలోగా కాంగ్రెస్ ఖర్చుల బిల్లు ఆమోదించకపోతే చాలా ప్రభుత్వ కార్యాలయాలు మూతపడతాయి. 2025లో అలా మూతపడినవి 43 రోజులు తెరుచుకోలేదు. అప్పటిదాకా అమెరికా చరిత్రలో అంత పొడుగు షట్‌డౌన్ లేదు. సెనేట్‌లో రిపబ్లికన్లకి మెజారిటీ ఉంది గానీ బిల్లు ముందుకు కదలడానికి 60 ఓట్లు కావాలి. ఆ తక్కువపడిన ఓట్లు ఇవ్వడానికి డెమోక్రాట్లు ఒక షరతు పెట్టారు. ఉద్యోగం ద్వారా ఆరోగ్య బీమా లేనివాళ్ళు సొంతంగా కొనుక్కునే బీమాకి 2021 నుంచి ఇస్తున్న అదనపు రాయితీ ఆ డిసెంబరుతో ఆగిపోతుంది, దాన్ని పొడిగించాలి అని. ప్రభుత్వం తెరిచాకే మాట్లాడదామన్నారు రిపబ్లికన్లు. ఇద్దరూ కదల్లేదు. కదలకుండా ఉన్న ఆ చోట ఆకలి వచ్చి నిలబడింది.

మనవాళ్ళు ఇప్పటికీ ఫుడ్ స్టాంపులనే పిలిచే స్నాప్ పథకం మీద అప్పటికి 4 కోట్ల 20 లక్షలమంది ఆధారపడి ఉండేవాళ్ళు. దేశంలో ఎనిమిదిమందిలో ఒకరు. మనిషికి సగటున రోజుకి ఆరు డాలర్ల లెక్క. నవంబరు సొమ్ము ఇవ్వబోమని కేంద్ర వ్యవసాయశాఖ ప్రకటించింది. ఇంతకుముందు షట్‌డౌన్లలో ఎప్పుడూ ఇలా జరగలేదు. అత్యవసర నిధి ఉంది కదా, అది వాడండని అక్టోబరు 31న ఇద్దరు ఫెడరల్ జడ్జీలు చెప్పారు. ప్రభుత్వం కొంత ఇస్తానంది. పూర్తిగా ఇవ్వమని మళ్ళీ ఆదేశం వచ్చింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్ళింది, ఆదేశం తాత్కాలికంగా ఆగింది. ఈ కాగితాలన్నీ అటూ ఇటూ తిరుగుతున్న రోజుల్లో కూడా పిల్లలకి మూడుపూటలా ఆకలి వేస్తూనే ఉంది.

నాకు అమ్మ గిన్నె గుర్తు రావడానికి కారణం ఇదీ. ఆ 43 రోజుల్లో ఆగనివి ఏమిటో చూడండి. అప్పుల మీద వడ్డీ ఆగలేదు. వృద్ధుల సోషల్ సెక్యూరిటీ ఆగలేదు, ఆగకూడదు కూడా. కాంగ్రెస్ సభ్యుల జీతాలు ఆగలేదు. ఏడాదికి 1,74,000 డాలర్ల ఆ జీతానికి ఏటా ఓటు అక్కర్లేదు, శాశ్వత కేటాయింపు ఉంది. మాకొద్దని కొందరు సభ్యులు అన్నారు, అది వాళ్ళ మంచితనం. గిన్నె మాత్రం ఎత్తిపెట్టే ఉంది. ఫుడ్ స్టాంపులు కూడా చట్టం ప్రకారం అర్హులందరి హక్కే. కానీ వాటి డబ్బుని ఏటా ఓటేసి ఇవ్వాల్సిన చోట పెట్టారు. అదే ఏడాది జులైలో వచ్చిన చట్టం 2017 నాటి ఆదాయపు పన్ను తగ్గింపుల్ని శాశ్వతం చేసింది. ఆ చట్టమే ఫుడ్ స్టాంపులకి పని షరతుని 64 ఏళ్ళ వయసు దాకా పెంచింది, చిన్నపిల్లకి పద్నాలుగేళ్ళు నిండిన తల్లులకీ వర్తింపజేసింది. నెలకి 80 గంటలు పనిచేసినట్టు చూపించాలి. ఇంట్లో చేసే చాకిరీకి ఆ గంటల్లో చోటు లేదు.

ముందే ఎత్తిపెట్టేది ఎవరికి, మిగిలితే పెట్టేది ఎవరికి అన్నది వంటింటి నుంచి బడ్జెట్ దాకా ఒకే ప్రశ్న. మిగిలితే తినాల్సినవాళ్ళని మాత్రమే ఎవరైనా పణంగా పెట్టగలరు.

ఇదేమీ ప్రకృతి నియమం కాదు. ప్రభుత్వ కార్యాలయాలు కేటాయింపు లేకుండా ఖర్చు చేయకూడదన్న చట్టం పంతొమ్మిదో శతాబ్దం నాటిది. కానీ బిల్లు ఆలస్యమైనంతమాత్రాన దాదాపు వందేళ్ళపాటు తలుపులు మూసుకోలేదు. 1980లో అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టీ ఆ చట్టాన్ని అక్షరాలా పాటించాలని అభిప్రాయం రాశాడు. అప్పటి నుంచే ఈ తాళాలు. ఒక మనిషి రాసిన అభిప్రాయం అది. మనుషులే మార్చుకోవచ్చు.

ఇక ఆ సెనేటర్ గురించి. జీన్ షహీన్ మా రాష్ట్రం నుంచి ఎన్నికైన మనిషి. అమెరికా చరిత్రలో గవర్నరుగానూ సెనేటరుగానూ ఎన్నికైన మొదటి స్త్రీ. బీమా రాయితీని శాశ్వతం చెయ్యాలని 2025 జనవరిలో సెనేట్‌లో బిల్లు పెట్టినవాళ్ళలో ఆమె ముఖ్యురాలు. నవంబరు 9 ఆదివారం రాత్రి, ఆ రాయితీ లేకుండానే ప్రభుత్వాన్ని తెరిచే బిల్లు ముందుకు సాగడానికి ఓటేసిన ఎనిమిదిమందిలోనూ ఆమె ఉంది. ఆ ఒప్పందం కుదిర్చినవాళ్ళలో ముందున్నదే ఆమె. 60-40తో బిల్లు గట్టెక్కింది. నవంబరు 12న షట్‌డౌన్ ముగిసింది. స్నాప్‌కి 2026 సెప్టెంబరు దాకా నిధులు వచ్చాయి. రాయితీ మీద డిసెంబరులో సెనేట్‌లో ఓటింగు పెడతామన్న మాట ఒక్కటి దక్కింది.

ఇంకా ఆగినా ఇంతకన్నా వచ్చేది లేదని, ఈలోగా జనం నలిగిపోతున్నారని ఆమె వాదన. మర్నాడే ఆమె కూతురు స్టెఫనీ షహీన్, తనూ కాంగ్రెస్‌కి పోటీ చేస్తున్న మనిషి, ఈ ఒప్పందాన్ని సమర్థించలేనని బహిరంగంగా చెప్పింది. ప్రభుత్వమూ తెరవాలి, రాయితీ కూడా ఉండాలి, లేకపోతే ఒప్పందమే వద్దంది.

ఆ తల్లీకూతుళ్ళ వార్త చదివిన రాత్రే మా అమ్మాయి ఫోన్ చేసింది. రెండు కాలేజీల్లో గంటల లెక్కన పాఠాలు చెబుతుంది. రెండుచోట్లా బీమా ఇవ్వరు. వచ్చే ఏడాది ప్రీమియం రెండింతలు దాటుతుందని అప్పటికే ఉత్తరం వచ్చింది.

"మీ సెనేటరు అమ్మేసిందమ్మా మమ్మల్ని" అంది.

"ప్యాంట్రీ దగ్గర వరస నువ్వు చూళ్ళేదే" అన్నాను.

"నేనూ వరసలోనే ఉన్నాను. నాది కనపడదు, అంతే."

నా దగ్గర జవాబు లేదు. ఆమె ఓటుని మనసులో నేను సమర్థించాను, ఇప్పటికీ పూర్తిగా కాదనలేను. దాని ఖరీదులో కొంత నా కూతురే కడుతోందని ఆ రాత్రి దాకా ఆలోచించలేదు.

కారల్ గిలిగన్ 1982లో రాసిన 'ఇన్ ఎ డిఫరెంట్ వాయిస్' మనలో చాలామంది చదివిందే. అందులో హైన్జ్ సమస్య ఉంది కదా. భార్య చావుబతుకుల్లో ఉంది, మందు కొనే డబ్బు లేదు, మందుల షాపతను ధర తగ్గించడు. హైన్జ్ దొంగతనం చెయ్యొచ్చా? చెయ్యాలని జేక్ అనే పిల్లాడు లెక్క చేసినట్టు చెప్పేస్తాడు. పదకొండేళ్ళ ఏమీ రెండిట్లో ఒకటి ఎంచుకోదు. అప్పు తెచ్చుకోవచ్చు కదా, కూర్చుని మాట్లాడుకోవచ్చు కదా అంటుంది. అప్పటి కొలమానంలో ఏమీకి తక్కువ మార్కులు పడ్డాయి. స్టెఫనీ మాటా, మా అమ్మాయి మాటా ఏమీ మాటే. అన్నమా మందా అని అడగడమే తప్పు, రెండూ కావాలి. అది నిజం. కానీ సెనేటరుకి ఆ ఆదివారం రాత్రి దొరికినవి రెండే మీటలు. ఏ మీట నొక్కకపోయినా మరో వారం వరస పెరుగుతుంది. ఊరుకోవడం కూడా ఇంకొకరి కంచంలోంచి తీసి ఇవ్వడమే.

బేరం చెయ్యడమే పాపమని కూడా నేననలేను. ఫుడ్ స్టాంపుల చట్టం పుట్టిందే బేరంలో. మిస్సోరి నుంచి ఎన్నికైన లియొనోర్ సలివాన్ ఏళ్ళ తరబడి దానికోసం పట్టుబట్టింది. 1964లో పట్టణాల సభ్యులు గోధుమ, పత్తి రైతుల బిల్లుకీ, పల్లెల సభ్యులు ఫుడ్ స్టాంపులకీ ఓట్లు ఇచ్చిపుచ్చుకుంటేనే అది గట్టెక్కింది. అదే సలివాన్ 1971లో స్త్రీల సమాన హక్కుల సవరణని దిగువసభలో వ్యతిరేకించిన ఒకే ఒక్క మహిళా సభ్యురాలు. కాబట్టి ఆడది కనుక ఆకలి అర్థమవుతుందనో, ఆడది కనుక మనవైపు ఉంటుందనో నేను జీన్ షహీన్‌ని తూచదలుచుకోలేదు. ఆ బేరం కిందటిసారి ఇవ్వడానికి జరిగింది, ఈసారి ఉన్నది లాక్కోకుండా ఉండటానికి జరిగింది. తేడా అక్కడుంది.

మళ్ళీ మా అమ్మ దగ్గరికే వెళ్తాను. అమ్మకి బీపీ ఉండేది. నెలాఖరులో మాత్రని గోటితో రెండుముక్కలు చేసి సగమే వేసుకునేదని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మిగిల్చిన డబ్బు బియ్యంలోకి పోయేది. అన్నమా మందా అన్న ప్రశ్నకి ఏ సభా సమావేశం కాకుండానే ఆమె నెలనెలా జవాబు చెప్పింది. దాన్ని త్యాగమని పొగిడాం. ఇప్పుడు ఆ పొగడ్త తల్చుకుంటే సిగ్గేస్తుంది. అయినా ఒకటి ఒప్పుకోవాలి, అమ్మ విరిచింది తన మాత్రని. సెనేటరు విరిచేది ఎప్పుడూ ఇంకొకరి మాత్రే. ఆమెకీ నాకూ బీమా ఉంది. కాబట్టి త్యాగం, ధైర్యం, కఠిన నిర్ణయం లాంటి మాటలు ఆ ఓటుకి వాడే హక్కు ఆమెకీ లేదు, సమర్థించిన నాకూ లేదు.

మరి ఏం చెయ్యాలి? తప్పనిసరై ఒకరి దగ్గర తీసి ఒకరికి ఇచ్చినవాళ్ళు, ఎవరి దగ్గర తీశారో వాళ్ళ మొహం చూసి ఆ సంగతి చెప్పాలి. దాన్ని గెలుపని పిలవకూడదు. డిసెంబరులో ఓటింగుంది కదా అని ఊరించకూడదు. ఆ ఓటింగు డిసెంబరు 11న జరిగింది. 51 ఓట్లు వచ్చాయి, కావాల్సినవి 60. ఆ నెల 31తో అదనపు రాయితీ ముగిసిపోయింది. నా దృష్టిలో ఓటేసిన రాత్రితో ఆమె బాధ్యత తీరలేదు, అప్పుడే మొదలైంది. ఇది బాకీ. ఇంతకన్నా పెద్ద బాకీ ఇంకోటుంది. ఆ గిన్నెల వరస మార్చడం. బిల్లు ఆలస్యమైతే పాత లెక్క ప్రకారం చెల్లింపులు వాటంతటవే సాగేలా చట్టం చెయ్యొచ్చు. కాంగ్రెస్ జీతాలకి ఉన్నటువంటి మూతే పిల్లల అన్నానికీ పెట్టొచ్చు. అప్పుడు ఆకలి చూపించి ఎవరూ ఎవరినీ బెదిరించలేరు. అన్నమా మందా అని ఏ సెనేటరునీ ఏ రాత్రీ అడగాల్సిన పనిరాదు. మనం రాసేవాళ్ళం, పాఠాలు చెప్పేవాళ్ళం, ఎవరు సరిగ్గా ఓటేశారన్న తగవు మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా గిన్నెని ఎక్కడ పెట్టారన్న దానిమీద పెట్టలేదేమోనని నా అనుమానం.

జనవరిలో మా అమ్మాయి వచ్చి నాలుగురోజులుంది. బీమా ఏం చేశావని అడగడానికి నాకు మూడురోజులు పట్టింది. ఆఖరి రోజు అంట్లు తోముతుంటే అడిగాను. పూర్తిగా మానలేదట. అన్నిటికన్నా తక్కువదానికి మారిందట. చాలా వేల డాలర్లు సొంతంగా ఖర్చుపెట్టుకున్నాక గానీ అది పనిచెయ్యదు.

"మరి ఏదైనా వస్తే?" అన్నాను.

తడి చేతులు తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా అంది. "నాకంత డాక్టరు అవసరం ఉండదులేమ్మా."

ఆ మాట నాకు తెలుసు. ఈసారి నమ్మలేదు.